మమత తల వెడల్పు

యాదయ్య కూతురి తలను పాడుచేసింది అతని అత్త కనకమ్మ. ఈ సంగతి మీద అతడు ఎవరితోనూ వాదనకు దిగలేదు. అనుమానం ఉన్నవాళ్ళు వాదిస్తారు. అతనికి అనుమానం లేదు.

కనకమ్మది జనగామ దగ్గర పల్లె. ఆ ఊళ్ళో పసిపిల్లకు నీళ్ళు పోయాలంటే ఆమెనే పిలిచేవారు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద వేసుకుని, ఆముదం రాసి, రెండు అరచేతుల మధ్య తల పట్టి గుండ్రంగా ఒత్తేది. ముక్కు సాగదీసేది. ఊళ్ళో సగం తలలు తన చేతి కింద తిరిగినవేనని చెప్పుకునేది. మనవరాలికీ అట్లాగే పోసింది. మూడో నెల నిండేసరికి మమత తల ముందుకూ వెనక్కూ సాగి, చెవుల దగ్గర సన్నబడి, బోర్లించిన పడవలా తయారైంది.

అప్పటికి మమత తల్లి కొమురమ్మ లేదు. పెళ్ళయిన పదేళ్ళకు కన్న బిడ్డను ఇరవై రోజులు చూసుకుని, జ్వరంతో పోయింది. బిడ్డను పెంచడానికి మరో ఆడదిక్కు లేక కనకమ్మ ఊరు వదిలి మాదాపూర్ వచ్చి అల్లుడి దగ్గర ఉండిపోయింది.

దవాఖానలో డాక్టరు తల ఫొటోలు వెలుతురుకు పెట్టి చూపించాడు. పసిపిల్ల పుర్రె ఒకే చిప్ప కాదనీ, ముక్కల మధ్య సందులుంటాయనీ, మెదడు పెరిగినకొద్దీ అవి విచ్చుకుంటాయనీ చెప్పాడు. మమతకు నడినెత్తి మీది సందు కడుపులో ఉండగానే మూసుకుపోయింది. పక్కలకు పెరగలేక తల పొడుగ్గా పెరుగుతోంది.

"చేతులతో ఒత్తితే ఇలా కాదమ్మా. ఇందులో ఎవరి తప్పూ లేదు," అన్నాడు డాక్టరు, కనకమ్మ వైపు చూసి.

ముసలామె ఎదురుగా కూర్చుంది కనుక మర్యాదకు అన్నాడని యాదయ్య అనుకున్నాడు. ఇంటికి వచ్చాక ఆమెతో ఒకటే మాట చెప్పాడు.

"ఇగ నువ్వు పిల్ల తల ముట్టద్దు."

"తల ముట్టకుంట నీళ్ళెట్ల పోస్తరు కొడుకా?"

"గుడ్డ తడిపి తుడువు. చేతులు మాత్రం పెట్టకు."

"నేనేమన్న పరాయిదాన్నా? అది నా బిడ్డ కన్న బిడ్డ గదా."

"నీ బిడ్డ ఉంటే నీ చేతికి ఇయ్యకపోవు," అన్నాడు యాదయ్య.

ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కొమురమ్మే తల్లిని పిలిపించి మరీ ఇచ్చింది.  ఆనాటి నుంచి మమత తలకు కనకమ్మ అరచేయి తగల్లేదు.

యాదయ్య టైలరు. సైబర్ టవర్స్ వెనక, హాస్టళ్ళ సందులో, ఒక షట్టరు అతని దుకాణం. ముందు మిషను, కటింగ్ బల్ల. ప్లైవుడ్డు చెక్క అడ్డం పెట్టి వెనక కాపురం. సెక్యూరిటీ వాళ్ళ యూనిఫారాలు కుట్టేవాడు. సాఫ్ట్‌వేరు పిల్లల ప్యాంట్లు నడుము దగ్గర వదులు చేసేవాడు, పొడుగు తగ్గించేవాడు. ఇచ్చేటప్పుడు వాళ్ళు నిలబడి ఫోను చూసుకునేవారు, తీసుకునేటప్పుడూ అంతే. స్టూలు వేసి ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. ఊళ్ళో టైలరు దగ్గర కూర్చుంటే పూట గడిచేది. ఇక్కడ ఎవరికీ పూటలు లేవు. కొమురమ్మ పోయాక యాదయ్య రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడేవాడు కాదు. అవి కూడా అంగుళాలూ గుండీలూ.

రెండువేల పదకొండు జూన్‌లో, మమతకు పదమూడో నెలలో, ఆపరేషన్ చేశారు. ఒక చెవి మీద నుంచి ఇంకో చెవి దాకా వంకర టింకరగా కోసి, ఎముకను ముక్కలు చేసి, ఎడం జరిపి మళ్ళీ అమర్చారు. కట్లు విప్పిన రోజు యాదయ్య ఆ కుట్లను దగ్గరగా చూశాడు. వరస తప్పలేదు. ఒకే ఎడం. తన చేతికి వచ్చిన పని కాకపోయినా మంచి పనేనని ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ అయిన పిల్లల తలలు కొలవడానికి అక్కడ ఒక చిన్న గది ఉంది. అందులో పనిచేసే ఆమె పేరు వీరలక్ష్మి, కాకినాడ మనిషి. రెండు వంకర కొమ్ములున్న ఇనుప కొలబద్దను చెవుల పైన రెండు పక్కలా ఆనించి వెడల్పు తీసేది. నుదుటికీ వెనక ఉబ్బుకూ ఆనించి పొడవు తీసేది.

"టైలరు గారాండీ మీరు? అయితే మనిద్దరిదీ ఒకటే పనండి," అంది మొదటి రోజే. "కొలతలు నేను తీస్తాను. కత్తిరించి కుట్టేది డాక్టరు గారు."

యాదయ్య నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

"వెడల్పును పొడవుతో భాగిస్తామండి. వందతో గుణిస్తాం. ఆపరేషన్‌కి ముందు మీ పాపకి అరవై అయిదు. ఇప్పుడు డెబ్బయి ఆరు. డెబ్బయి అయిదుకు అటూ ఇటూ నిలబడితే మనం గట్టెక్కినట్టే. డెబ్బయికి దిగిందనుకోండి, ఎముకలు మళ్ళీ అతుక్కుపోతున్నట్టు లెక్క."

"అతుక్కుంటే ఏమైతది మేడం?"

"లోపల మెదడు పెరగడానికి చోటుండదండి. ఒత్తిడి పెరుగుతుంది. ముందు దెబ్బ తినేది చూపు. అందుకే ఈ కొలత అంటే మాకంత పట్టుదల."

యాదయ్య పల్లె బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. భాగహారం వచ్చు. చొక్కాల కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ తీసి, పైన మమత అని రాసి, కింద రెండు గళ్ళు గీశాడు. జూలైలో వచ్చింది, ఆగస్టులో వచ్చింది, గళ్ళలో ఎక్కించాడు. ఆగస్టు కొలత వెడల్పు పన్నెండు పాయింట్ రెండు సెంటీమీటర్లు, పొడవు పదహారు పాయింట్ మూడు. డెబ్బయి అయిదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది.

ఆర్టీసీ బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ఒకరోజు రాస్తారోకో, ఇంకొకరోజు బంద్, మధ్యలో ఆటోలు కూడా ఆగేవి. యాదయ్య తెలంగాణ రావాలన్నవాడే. జెండాలూ కండువాలూ కుట్టి ఇచ్చాడు. దారులు మూసినవాళ్ళ మీద అతనికి కోపం లేదు. కానీ నెల తిరిగింది, మమతను చూపించే తేదీ దగ్గర పడింది.

వీరలక్ష్మి ఫోను చేసింది.

"ఇంత గొడవలో పసిదాన్ని తీసుకుని బయల్దేరకండి. ఇంట్లోనే కొలిచి చెప్పండి. మీరు టైలరు గారు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నానండి, అందరినీ అడగను. పాపని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చెవుల పైన రెండు పక్కలా రెండు గట్టి పుస్తకాలు నిలబెట్టండి. మధ్య సందు టేపుతో కొలవండి. అది వెడల్పు. పక్కకు తిప్పి పడుకోబెట్టి నుదుటికీ వెనకకూ అట్లాగే చేస్తే పొడవు."

పుస్తకాలెందుకని యాదయ్య బట్ట మీద గీతలు గీసే తన రెండు చెక్క ఎల్‌స్కేళ్ళు తీశాడు. బల్ల మీద దుప్పటి పరిచి మమతను పడుకోబెట్టాడు. కనకమ్మ కాళ్ళు పట్టుకుంది. తల పట్టుకోబోయి చేతులు వెనక్కి తీసుకుంది. ఒక పక్క స్కేలు ఆనించాడు. రెండో పక్క కుట్ల మచ్చ చివర ఇంకా ఎర్రగా ఉంది. అక్కడ కర్ర తగిలితే పిల్ల ఉలిక్కిపడుతుందని మెల్లగా ఆనించాడు. టేపు పెట్టాడు. పదమూడు పాయింట్ మూడు. పొడవు పదహారు పాయింట్ ఆరు. సుద్దతో బల్ల మీదే భాగించాడు.

ఎనభై.

"ఎనభయ్యా?" అంది వీరలక్ష్మి ఫోన్లో. "నెలలో అంత పెరిగిందాండీ? ఇంకోసారి చూడండి."

చూశాడు. అదే వచ్చింది. మర్నాడు మళ్ళీ చూశాడు. అదే వచ్చింది.

"ఇరవై అయిదేండ్ల నుంచి కొలుస్తున్న మేడం. నా టేపు తప్పు చెప్పదు."

"అయితే చాలా బాగుందండి! డాక్టరు గారికి చెప్తాను. వారం వారం నేనే చేస్తా ఫోను."

సోమవారం పదకొండు గంటలకు ఆమె ఫోను వచ్చేది. అతని ఫోనుకు వచ్చేవన్నీ జిప్పుల గురించీ గుండీల గురించీ. మనిషి సంగతి అడిగే ఫోను అదొక్కటే. పది గంటలకే పని ఆపి, బల్ల దులిపి, మమతను పడుకోబెట్టేవాడు. ఎనభై. ఎనభై. డెబ్బయి తొమ్మిదిన్నర. ఎనభై. చేయి తిరిగినవాడికి కొలత తేడా రాదు. ప్రతిసారీ అవతల నుంచి "చాలా బాగుందండి" అని వినపడేది. ఆ మాట విన్నాక కూడా అతడు కాసేపు ఫోను చెవి దగ్గరే ఉంచుకునేవాడు.

సమ్మె మూడో వారంలో ఒక మధ్యాహ్నం రాజేందర్ వచ్చాడు. ఖాజాగూడ కుర్రాడు, క్యాబు నడుపుతాడు. సమ్మె రోజుల్లో క్యాబు పక్కన పెట్టి ఊరేగింపుల ముందు నడుస్తున్నాడు. జెండాల కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడే ఎదురు హాస్టలు యజమాని సీతారామాంజనేయులు కూడా దిగాడు. భీమవరం నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది.

"ఏం యాదయ్యా, తెలంగాణ వచ్చేదాకా నా కర్టెన్లు రావా?"

"మా రాష్ట్రం మాకిచ్చి మీ కర్టెన్లు మీరు తీస్కపోండ్రి సార్," అన్నాడు రాజేందర్.

"నేను పోతే నూట ఇరవై మంది పిల్లలకి పొద్దున్నే ఉప్మా ఎవడు పెడతాడ్రా? నువ్వా?"

"ఆ ఉప్మా తినే గదా సార్, వాళ్ళు బయట టిఫిన్‌కు లైను కడుతున్నరు."

సీతారామాంజనేయులు పగలబడి నవ్వాడు. యాదయ్య కత్తెర ఆపలేదు. ప్లైవుడ్డు చెక్క పక్క నుంచి మమత పాకుతూ వచ్చి రాజేందర్ చెప్పు పట్టుకుంది. రాజేందర్ పిల్లను ఎత్తుకుని నెత్తి చూశాడు.

"అన్నా, డాక్టరుకు చూపెట్టే తారీకు దాటిపోయింది గద? పొద్దుగాల నా బండి మీద తీస్కపోతా. రోడ్ల మీద ఉండేది మా పోరగాండ్లే. ఎవడాపుతడు?"

"బండి మీద ఎందుకయ్యా పసిదాన్ని," అన్నాడు సీతారామాంజనేయులు. "నా కారు తీసుకెళ్ళు యాదయ్యా."

"మీ కారు మీద భీమవరం నంబరుంది. అద్దాలుంటయా సార్?"

"నువ్వు ముందు సీట్లో కూర్చుని జెండా ఊపు. నా అద్దాలకి నువ్వే పూచీ."

"గట్లయితే నడువుండ్రి. కానీ గాడి నేనే నడుపుత."

ఇద్దరూ పందెం వేసుకున్నట్టు యాదయ్య వైపు చూశారు.

"అక్కర లేదు," అన్నాడు యాదయ్య. "నేనే కొలుస్తున్న. ఎనభై ఉన్నది."

"అన్నా, నువ్వు కొల్చుడు వేరు, దవాఖాన వేరు..."

"నీ అంగీ నేను కుట్టిందే. యాడన్న బిగుతు పట్టిందా?"

"లేదు."

"మరి?"

రాజేందర్ పిల్లను దించి జెండాల కట్ట చంకలో పెట్టుకుని పోయాడు. సీతారామాంజనేయులు కర్టెన్ల మాట మళ్ళీ ఎత్తకుండానే వెళ్ళాడు. స్టూలు మళ్ళీ ఖాళీ అయింది. దారి దొరికింది. వద్దన్నది యాదయ్యే. ఈ మాట తర్వాత అతడు చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

అక్టోబరు చివర సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. వీరలక్ష్మి ఆఖరి సోమవారం ఫోను చేసింది.

"డాక్టరు గారు మీ కొలతలన్నీ చూశారండి. ఇంత బాగుంటే నెల నెలా తిప్పక్కర్లేదన్నారు. మార్చిలో ఒకేసారి తల ఫొటో తీయిద్దాం. ఇక నేను ఫోను చేయనులెండి, మీకు పనులుంటాయి."

"నాకేం పనులు మేడం," అన్నాడు యాదయ్య. ఆమె అప్పటికే పెట్టేసింది.

ఆ తర్వాత సోమవారాలు మామూలు సోమవారాలయ్యాయి. కొలవడానికి కారణం లేక కొలవలేదు.

సంక్రాంతి దాటిన వారంలో కనకమ్మ అతని ముందుకు వచ్చి నిలబడింది. అవసరం ఉంటే తప్ప ఆమె మిషను దగ్గరికి రాదు.

"పొద్దుగాల లేస్తే పిల్ల కక్కుతున్నది. నాలుగు దినాలైంది."

"చలికాలం. పడిశం పట్టింది."

"ఎడమ దిక్కు పెట్టిన బువ్వ చూస్తలేదు కొడుకా. కుడి దిక్కు పెడితే తీస్కుంటది. ఎడమ దిక్కు పెడితే ఏడుస్తది, లేదంటది. ఇటు చూడు."

ఆమె మమతను నేల మీద కూర్చోబెట్టి ఎడమ మోకాలి పక్కన బిస్కెట్టు పెట్టింది. మమత ముందుకు చూస్తూ కూర్చుంది. ఆమె బిస్కెట్టును మెల్లగా ముందుకు జరిపింది. ముక్కుకు సూటిగా వచ్చాక మమత చటుక్కున అందుకుంది.

"చూసినవా?"

యాదయ్య చూశాడు. లేచి స్కేళ్ళు తీశాడు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి కొలిచాడు. పదమూడు పాయింట్ నాలుగు. పదిహేడు పాయింట్ ఆరు. డెబ్బయి ఆరు.

"డెబ్బయి ఆరున్నది. డెబ్బయికి దిగితేనే ఫికర్ పడాలె."

"నాకు లెక్కలు రావు. పిల్ల చూస్తలేదు అంటున్న."

"తల పాడు చేసినదానివి నువ్వు. ఇప్పుడు కన్ను బాగలేదని నువ్వే చెప్తవా? పో, పొయ్యి మీద ఏమున్నదో చూసుకో."

కనకమ్మ వెళ్ళింది. ఆ తర్వాత ఆమె బువ్వ గిన్నె ఎప్పుడూ కుడివైపే పెట్టింది. వాంతి బట్టలు అతని కంటపడకుండా ఉతికి ఆరేసింది. మమత ఎడమవైపు గడపకు తగిలి రెండుసార్లు పడింది. పిల్లలు పడతారని యాదయ్య అన్నాడు. మార్చి తేదీ దాకా ఆగాడు. తేదీ అంటే తేదీ. ఒప్పుకున్న రోజుకు ముందు బట్ట ఇచ్చే అలవాటు అతనికి లేదు.

మార్చిలో ముగ్గురూ బస్సెక్కి వెళ్ళారు. కనకమ్మ కొలతల గది బయట, వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. యాదయ్య మమతను ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"రండి రండి, ఎనభై గారూ!" అంది వీరలక్ష్మి. "మీ గురించి ఇక్కడ అందరికీ చెప్పానండి."

ఆమె ఇనుప కొలబద్ద తీసి మమత చెవుల పైన ఆనించింది. అంకె చూసింది. తీసి మళ్ళీ ఆనించింది. మూడోసారి ఆనించేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. పొడవు తీసింది. కాగితం మీద రాసి భాగించింది.

"పన్నెండు పాయింట్ మూడు," అంది. "అరవై తొమ్మిది."

"పదమూడు ఉండాలె," అన్నాడు యాదయ్య.

"లేదండి."

"జనవరిల పదమూడు పాయింట్ నాలుగు ఉండె. తల చిన్నగైతదా మేడం? మీ సామాను ఖరాబైంది."

ఆమె కొలబద్ద పక్కన పెట్టింది. అలమర నుంచి రెండు లావు ఫైళ్ళు తీసి మంచం మీద పెట్టింది.

"మీరు ఇంట్లో ఎలా కొలిచారో ఒక్కసారి చేసి చూపించండి."

యాదయ్య మమతను మంచం మీద పడుకోబెట్టాడు. కుడి పక్క ఫైలు నిలబెట్టాడు. ఎడమ పక్క ఫైలు ఆనించాడు. జేబులోంచి టేపు తీశాడు.

"వేలు తీయండి," అంది వీరలక్ష్మి.

"ఏ వేలు?"

"ఆ వేలండి."

యాదయ్య చూశాడు. అతని ఎడమ చేతి చూపుడు వేలు ఫైలుకూ పిల్ల తలకూ మధ్య పడుకుని ఉంది. అతడు దాన్ని పెట్టలేదు. అది తనంతట తాను వెళ్ళి అక్కడ పడుకుంది. మెడ పట్టీ కొలిచినప్పుడు టేపు కిందికి ఎట్లా వెళ్తుందో అట్లా. మణికట్టు దగ్గర ఎట్లా వెళ్తుందో అట్లా. పెరిగే పిల్లలు, జర లూజు పెట్టన్నా అని తల్లులు అడిగిన ప్రతిసారీ వెళ్ళినట్టు. ఇరవై అయిదేళ్ళుగా ఆ వేలు ఎవరి మెడనూ బిగించలేదు. పిల్ల మచ్చకు కర్ర తగలకూడదని అతడు అనుకున్న క్షణాన, ఆ వేలికి ఇక చెప్పేవాళ్ళు అవసరం లేకపోయింది.

అతడు వేలు తీశాడు. ఫైలు తలకు తగిలింది. మమత ఏడవలేదు. గాయం ఎప్పుడో మానిపోయింది.

వీరలక్ష్మి టేపు అతని చేతిలోంచి తీసుకుని తానే కొలిచింది. పన్నెండు పాయింట్ మూడు.

"ప్రతిసారీ ఇలాగే పెట్టారా?" అని అడిగింది. చాలా నెమ్మదిగా అడిగింది.

యాదయ్య ఆ వేలిని గుప్పిట్లో ముడుచుకున్నాడు.

"నాదే తప్పండి. ఫోన్లో చెప్పి వదిలేయకూడదు. ఎనభై అనగానే నేను రప్పించాల్సింది."

ఆమె ఆ తప్పు పంచుకోవడానికి చేయి చాచింది. అతడు అందుకోలేదు. ఇవ్వనూ లేదు. అతడు ఎవరి దగ్గరా ఏదీ తీసుకునేవాడు కాదు.

ఆ రోజంతా పరీక్షలు జరిగాయి. తల ఫొటో తీశారు. కంటి డాక్టరు మమత కళ్ళలో మందు వేసి, దీపం పెట్టి చూశాడు. సాయంత్రం పెద్ద డాక్టరు యాదయ్యను ఒక్కణ్ణే పిలిచి కూర్చోబెట్టాడు. ఎముకలు చాలాచోట్ల మళ్ళీ కలిసిపోయాయి. లోపలి ఒత్తిడికి ఎడమ కంటి నరం ఎండిపోయింది. ఆ చూపు తిరిగి రాదు. కుడి కంటికి కూడా వాపు మొదలైంది. ఈ వారంలోనే మళ్ళీ తల తెరిస్తే అది నిలబడుతుంది.

"అక్టోబరులో చూసుంటే?" అని అడిగాడు యాదయ్య.

డాక్టరు కలానికి మూత పెట్టాడు. "చూసుంటే రెండూ ఉండేవి," అన్నాడు. ఆ తర్వాత మెత్తగా ఏదో చెప్పాడు. యాదయ్య వినలేదు. వినవలసింది అయిపోయింది. కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. అక్షరాలు వరుసగానే వచ్చాయి.

బయటికి వచ్చేసరికి వరండాలో జనం పలచబడ్డారు. కనకమ్మ గోడ పక్కన అట్లాగే కూర్చుని ఉంది. మమత ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. తల జారి పక్కకు వాలుతుంటే ఆమె అరచేయి అడ్డం పెట్టలేదు. పాత చీర ముక్కను చుట్టి తల కింద ఎత్తు పెట్టింది.

"ఏమన్నరు?"

"మల్ల ఆపరేషన్. ఈ వారమే."

"కన్ను?"

"ఎడమది పోయింది. కుడిది కాపాడుతరట."

కనకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు చప్పుడు కాకుండా చాలాసేపు కూర్చుంది. పిల్ల లేస్తుందని భయం. యాదయ్య నిలబడే ఉన్నాడు. ఆమె పక్కన నేల ఖాళీగా ఉంది. కూర్చోలేదు.

"నేను ముట్టలే కొడుకా," అంది చివరికి. "నువ్వు వద్దన్న దినం నుంచి వెంట్రుక గూడ ముట్టలే. ఎన్నడో పసిగుడ్డప్పుడు ఒత్తిన. గా ఒత్తుడు ఇంక లోపల ఉన్నదా? డాక్టర్ సారును అడిగినవా?"

యాదయ్య చేతిలోని దవాఖాన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దాని కన్ను నా చేతులతోనే పోయిందా యాదయ్యా?"

నీతోని కాదు. రెండు మాటలు. యాదయ్య గొంతు దాకా వచ్చాయి. ఆ మాట అంటే ఆమె చేతులు ఆమెకు తిరిగి వస్తాయి. పిల్లను ఒళ్ళోకి తీసుకుని తల నిమరుతుంది. నిమిరి, కళ్ళు తుడుచుకుని, తల ఎత్తి, మరి ఎవరితోని అని అడుగుతుంది.

అతడు వంగి ఆమె ఒళ్ళోంచి పిల్లను ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు.

"ఆ ముచ్చట నన్నడగకు," అన్నాడు. "ఇయ్యాలనే కాదు, ఎన్నడు అడగకు. నువ్వడిగినా, రేపు ఇది పెద్దగయి అడిగినా, నేను సచ్చేదాక చెప్ప."